మూత విప్పి చూశాక రాస్తున్న ఉత్తరం

పిల్లలూ,

ఆన్ చేసి అన్నం తినొచ్చినా కంప్యూటర్ ఇంకా తెరుచుకోదు తాతా, కొత్తది కొనిపించు అని మీ ఇద్దరిదీ ఒకటే గొడవ. మీ నాన్న దాన్ని పలాస తెచ్చి నా దగ్గర దింపి వెళ్లాడు కదా, 2013లో నేను కొన్నదే అది, లోపల ఏముందో చూడకుండా పాతసామాన్లకు వేసేయడానికి మనసొప్పలేదు. నిన్న వసారాలో చాప వేసుకుని పక్క రేకు విప్పాను.

ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుంది. ఫ్యాన్ తిరక్కుండా వేలితో పట్టుకుని, రంగులేసే బ్రష్‌తో దులిపాను. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ, సీఆర్ 2032 అని రాసి ఉంటుంది, అయిపోయింది. అది పోతే ప్లగ్ తీసినప్పుడల్లా తారీఖు ఏళ్ల వెనక్కి పోతుంది, తారీఖు తప్పుంటే వెబ్‌సైట్లు సురక్షితం కాదంటూ తెరుచుకోవు. మీరు నెట్ పాడైందనుకున్నది ఇదే!

నెమ్మదికి అసలు కారణం హార్డ్ డిస్క్. లోపల పళ్లెం తిరుగుతుంటే ఒక ముల్లు అటూ ఇటూ పరుగెత్తి అక్కడో ముక్క, ఇక్కడో ముక్క ఏరుకొస్తుంది. విండోస్ తెరుచుకోవాలంటే అలాంటి ముక్కలు వేలల్లో కావాలి. దాని బదులు పెట్టే ఎస్‌ఎస్‌డీలో అంతా చిప్పులే, తిరిగేదేమీ లేదు, అందుకే అదొక్కటి మార్చినా మనిషి మారినట్టుంటుంది.

అయితే విండోస్ 10కి మామూలు సపోర్ట్, అంటే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరమైనా ఉండాలి, మనది మూడో తరం ఐ3, ఎంత ర్యామ్ వేసినా అది మారదు. దొడ్డిదారిన ఎక్కించేవాళ్లున్నారు గానీ అమ్మ బ్యాంకు పనులు చేసుకునే దాంట్లో ఆ పని నేను చేయను. విండోస్ బదులు లినక్స్ మింట్ వేస్తాను, ఉచితం, చిన్నోడి చదువుకి బ్రౌజర్, రాతపనికి లిబ్రే ఆఫీస్ చాలు.

డబ్బు దగ్గర నా లెక్క ఒకటే, రేపు కొత్త దాంట్లోకి వచ్చే వస్తువుకే ఖర్చు పెట్టాలి. సాటా (కేబుల్‌తో తగిలించే) ఎస్‌ఎస్‌డీ కొత్త డెస్క్‌టాప్‌లోనూ పెట్టుకోవచ్చు. దీని డీడీఆర్3 అనే పాత రకం ర్యామ్ మాత్రం కొత్త బోర్డుల్లో పట్టదు, గాడే వేరు. కాబట్టి ర్యామ్ కావాలంటే సెకండ్ హ్యాండ్‌ది ఒక 4 జీబీ ముక్క చాలు.

2018లో తిత్లీ తుపాను తర్వాత కరెంటొచ్చిన రోజున వోల్టేజి ఎగిరి దీని ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలికి కరెంటు ఇచ్చే డబ్బా, కాలిపోయింది, గుర్తుందా? అందుకే టార్చ్ వేసి బోర్డు మీద చిన్న గొట్టాల్లాంటి కెపాసిటర్లన్నీ చూశాను. తలలు ఉబ్బి ఉంటే పైసా పెట్టొద్దనేవాణ్ని. అన్నీ చదునుగానే ఉన్నాయి.

పెద్దదానా, నీకు ఇంజినీరింగ్‌లో సీటొచ్చి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లు కావాలంటే ఇది లాగదు, నీకు కొత్తదే కొందాం. చిన్నోడికి మాత్రం ఇది ఇంకా కొన్నేళ్లు పనికొస్తుంది.

ఆదివారం రండి, స్క్రూడ్రైవర్ మీ చేతికే ఇస్తాను. పెన్‌డ్రైవ్ మర్చిపోకండి, ఆ హార్డ్ డిస్క్ టక్ టక్ మంటోంది, మామ్మ ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి, ముందు అవి దింపాలి.

మీ తాత