క్వార్టర్‌బ్యాక్‌ని మారిస్తే టీమ్ మారిపోతుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

పోయిన శుక్రవారం రాత్రి హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ అయిపోయాక నేను కెమెరా దించుకుంటుంటే, స్టాండ్స్‌లో ఒక పెద్దాయన ఇంకా అరుస్తూనే ఉన్నారు. "ఆ పిల్లాడిని తీసెయ్యండి, రెండోవాడిని దింపండి" అని. ఆ పిల్లాడు క్వార్టర్‌బ్యాక్, అంటే ప్రతిసారీ బంతి అందుకుని విసిరేవాడు, లేదా పరుగెత్తేవాడికి అందించేవాడు. అతని తల్లి ఆయనకి రెండు వరసల కింద కూర్చుని ఉంది, వెనక్కి తిరగలేదు. ఆదివారం గుడి పార్కింగ్‌లో మళ్లీ అదే మాట, సోమవారం ఆఫీసులో లంచ్ దగ్గర మళ్లీ అదే, కాకపోతే ఈసారి డాలస్ ప్రొఫెషనల్ టీమ్ కౌబాయ్స్ గురించి. ఎనిమిదేళ్లుగా ప్రతి సీజన్‌లో మూడో వారం వచ్చేసరికి ఇది మొదలవుతుంది. అందుకే ఒకసారి వివరంగా రాద్దామనిపించింది.

నేను కోచ్‌ని కాదు. డాలస్‌కి ఉత్తరాన ఒక హైస్కూల్ టీమ్‌కి ఫిల్మ్ పని చేసిపెడతాను. ఎండ్‌జోన్ (మైదానం చివర స్కోరు చేసే చోటు) వెనక పొడుగాటి స్తంభం మీద కెమెరా పెట్టి ప్రతి ప్లే తీయడం, ఇంటికొచ్చి ముక్కలు చేసి ఒక్కోదానికి డౌన్ (ఎన్నో ప్రయత్నం), దూరం (ఇంకా ఎన్ని గజాలు కావాలి), ఫార్మేషన్ (ఎవరు ఎక్కడ నిలబడ్డారు), ఫలితం రాసిపెట్టడం, శనివారం పొద్దున కోచ్‌లు కూర్చునేసరికి అంతా సిద్ధంగా ఉంచడం. పగలు ఐటీ ఉద్యోగమే. మా అబ్బాయి బ్యాండ్‌లో ట్రంపెట్ వాయించే రోజుల్లో ఎవరో లేరని ఒక వారం కెమెరా పట్టుకున్నాను, వాడు కాలేజీకి వెళ్లిపోయినా నేను మాత్రం ఉండిపోయాను.

అపోహ: క్వార్టర్‌బ్యాక్‌ని మారిస్తే చాలు, టీమ్ గాడిలో పడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. టెక్సస్‌లో హైస్కూల్ రెగ్యులర్ సీజన్ మొత్తం పది మ్యాచ్‌లు. అందులో మూడు తప్పుడు చోట మందు రాయడానికే పోతే సీనియర్ పిల్లలకి ఇంకో సంవత్సరం లేదు.

వాస్తవం ఏమిటంటే స్టాండ్స్‌లో కూర్చుంటే మన కళ్లు బంతితో పాటే వెళ్తాయి. బంతి ఎవరి చేతిలో ఉంటే తప్పు వాడిదే అనిపిస్తుంది. ఎండ్‌జోన్ కెమెరాలో చూస్తే కథ వేరు. క్వార్టర్‌బ్యాక్ ఐదు అంగలు వెనక్కి వేసి విసిరే పాస్‌ని, దాన్ని పట్టాల్సిన రిసీవర్ ఇంకా మలుపు తిరగకముందే వదిలేయాలి, అంటే ఆ పిల్లాడు మనిషికి కాదు, మనిషి రాబోయే చోటికి విసురుతున్నాడు. రిసీవర్ పన్నెండు గజాల దగ్గర తిరగాల్సింది పది దగ్గరే తిరిగాడంటే బంతి నేరుగా డిఫెన్స్ వాడి గుండెల మీదికి వెళ్తుంది. పేపర్లో ఆ ఇంటర్సెప్షన్ (అవతలివాళ్లు పట్టేసిన పాస్) క్వార్టర్‌బ్యాక్ పేరు మీదే పడుతుంది, రిసీవర్ పేరు ఎక్కడా ఉండదు. సాక్ (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) కూడా అంతే. రెండున్నర సెకన్లు కూడా నిలబడని లైన్ (ముందు నిలబడి అతన్ని కాపాడే ఐదుగురు) వెనక ఎవరిని నిలబెట్టినా నేల మీదే ఉంటాడు. (కొన్ని సాక్‌లు నిజంగా క్వార్టర్‌బ్యాక్‌వే, బంతి పట్టుకుని నాలుగు సెకన్లు ఆలోచిస్తే లైన్ ఏం చేస్తుంది? అవి కూడా ఫిల్మ్‌లో కనిపిస్తాయి, నేను దాచను.)

నా రెండో సీజన్ సంగతి చెప్తాను. వరసగా మూడు ఓడాం. తల్లిదండ్రుల నుంచి ఒత్తిడి, ఊళ్లో మాటలు, చివరికి అబ్బాయిని మార్చారు. కొత్తవాడు వచ్చాడు, రెండు ఓడాం. అప్పుడు హెడ్ కోచ్ నన్ను పిలిచి ఐదు మ్యాచ్‌ల సాక్‌లు, ఇంటర్సెప్షన్లు అన్నీ ఒకే వరసలో కట్ చేసి ఇమ్మన్నారు. రాత్రి రెండింటిదాకా కూర్చుని చేశాను. చేస్తూ చేస్తూ ఉంటేనే అర్థమైపోయింది. ఎక్కువ భాగం లైన్‌లో కుడివైపు పక్కపక్కన నిలబడే గార్డ్‌కి, టాకిల్‌కి మధ్య ఒకే సందులోంచి వస్తున్నాయి. అవతలి డిఫెన్స్ రెండో వరసలోని లైన్‌బ్యాకర్ బ్లిట్జ్‌కి (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకు) వస్తే ఎవరు పట్టుకోవాలో వాళ్లిద్దరికీ స్పష్టత లేదు. ఒకరు లోపలికి, ఒకరు బయటికి, మధ్యలో తలుపు తెరిచినట్టు దారి. మొదటి అబ్బాయీ ఆ దారిలోనే దెబ్బలు తిన్నాడు, రెండో అబ్బాయీ అక్కడే తిన్నాడు. ప్రొటెక్షన్ పిలుపు (ఎవరు ఎవరిని అడ్డుకోవాలో చెప్పే మాట) మార్చారు, అదే రెండో అబ్బాయితో తర్వాతి నాలుగింటిలో మూడు గెలిచాం. ఊరంతా "చూశారా, మార్చాక బాగుపడింది" అన్నారు. మొదటి అబ్బాయి ఆ మాటలు వింటూ మిగతా సీజన్ అంతా టోపీ పెట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆ పిల్లాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో కూడా ఇంతే. 2017లో బఫెలో బిల్స్ 5-4 (ఐదు గెలుపులు, నాలుగు ఓటములు) మీద ఉంది, ప్లేఆఫ్ (సీజన్ తర్వాతి నాకౌట్) రేసులో ఉన్న టీమ్. అంతకుముందు వారం సెయింట్స్ చేతిలో 47-10తో చిత్తయిందని క్వార్టర్‌బ్యాక్ టైరాడ్ టేలర్‌ని కూర్చోబెట్టి నేథన్ పీటర్‌మన్‌ని దింపారు. చార్జర్స్ మీద మొదటి సగంలోనే ఐదు ఇంటర్సెప్షన్లు. మొదటిది సొంత టీమ్ ఆటగాడి చేతుల్లోంచి ఎగిరి అవతలివాడికి దొరికింది, అది గుర్తున్నవాళ్లు తక్కువ. సెకండ్ హాఫ్‌కి టేలర్‌నే మళ్లీ దింపారు, 54-24తో ఓడారు. ఆ టేలర్‌తోనే చివరికి 9-7 చేసి, 17 ఏళ్ల తర్వాత ప్లేఆఫ్స్‌కి వెళ్లారు.

ఇక్కడ ఒకరు వెంటనే అడుగుతారు, "మరి కౌబాయ్స్‌లో డాక్ ప్రెస్కాట్ సంగతేంటి, 2016లో రోమో నుంచి అతనికి మారితేనే కదా 13-3 అయింది?" అని. మంచి ప్రశ్న. 2015లో అప్పటి స్టార్టర్ రోమో కాలర్‌బోన్ విరిగినప్పుడు ఏమైందో ముందు చూడండి. రోమో ఆడినవి నాలుగు, గెలిచినవి మూడు. మిగతా 12 మ్యాచ్‌లలో ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లు మారారు, గెలిచింది ఒక్కటి. మార్పు అనేదే మందు అయితే ఆ సంవత్సరం డాలస్‌కి మూడు మోతాదులు పడ్డాయి.

2016లో తేడా ఏమిటి? డాక్ నిజంగా మంచి ఆటగాడు, డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్ల ఎంపిక) నాలుగో రౌండ్‌లో 135వ పిక్‌గా తీసుకున్నా సరే. కానీ ఇంకోటి ఉంది. క్యాంప్ మొదట్లోనే బ్యాకప్ కెల్లన్ మూర్ కాలు విరిగింది, ఆగస్టు చివర్లో సియాటిల్‌లో ప్రీసీజన్ (సీజన్‌కి ముందు సన్నాహక) మ్యాచ్‌లో రోమో నడుముకి దెబ్బ తగిలింది. అంటే సీజన్ మొదలవకముందే డాక్‌కి ఫస్ట్ టీమ్‌తో ప్రాక్టీస్ దొరికింది. ముందు టైరన్ స్మిత్, ట్రావిస్ ఫ్రెడరిక్, జాక్ మార్టిన్ లాంటి లైన్. పక్కన బంతితో పరుగెత్తే ఎజెకీల్ ఎలియట్, ఆ రూకీ (మొదటి ఏడాది ఆటగాడు) 1,631 గజాలు పరుగెత్తి లీగ్‌లోనే మొదటివాడయ్యాడు. మొదటి మ్యాచ్ జెయింట్స్ మీద ఒక్క పాయింట్‌తో ఓడి, తర్వాత వరసగా 11 గెలిచారు. ఆ లైన్, ఆ పరుగు, ఆ ప్రాక్టీస్ లేకుండా అదే అబ్బాయిని అక్టోబర్‌లో ఒక బుధవారం పిలిచి ఆదివారం ఆడమని ఉంటే అదే ఫలితం వచ్చేదని నేను నమ్మను.

ప్రాక్టీస్ గురించి ఎవరూ మాట్లాడరు, అసలు విషయం అక్కడే ఉంది. వారంలో ఫస్ట్ టీమ్ స్నాప్‌లు (లైన్ మధ్యలో ఉండే సెంటర్ బంతి వెనక్కి అందించడంతో మొదలయ్యే ప్లేలు) దాదాపు అన్నీ స్టార్టర్‌కే. బ్యాకప్ ఆ టైమ్‌లో స్కౌట్ టీమ్‌తో ఉండి అవతలి టీమ్ ప్లేలు నడుపుతుంటాడు, మన డిఫెన్స్‌కి అలవాటు కావాలని. అంటే మీరు "దింపండి" అంటున్న పిల్లాడు వారమంతా మన ప్లేబుక్ ఆడనే లేదు. తన రిసీవర్ ఎంత వేగంగా మలుపు తిరుగుతాడో, తన సెంటర్ స్నాప్ ఎంత బలంగా ఇస్తాడో చేతికి తెలియదు. స్నాప్‌కి ముందు అతను వేసే కేకల (కేడెన్స్) లయ వేరు, లైన్‌లో ఐదుగురూ కొత్త గొంతుకి కదలాలి. మార్చేది ఒక్కరిని, మారాల్సింది పదకొండుమంది. ఎడమచేతివాడు వస్తే ఇంకా కష్టం. బంతి తిరిగే తీరే మారుతుంది, వెనకవైపు కాపలా కుడి టాకిల్ మీద పడుతుంది.

అలాగని మార్చకూడదని అనడం లేదు. మార్చాల్సినప్పుడు మార్చాలి, మార్చితే టైమ్ ఇవ్వాలి. 2020లో మయామీ వరసగా రెండు గెలిచాక కూడా సీనియర్ ఫిట్జ్‌ప్యాట్రిక్‌ని పక్కనపెట్టి రూకీ టువాని స్టార్టర్ చేసింది, అదీ బై వీక్ (మ్యాచ్ లేని వారం) చూసుకుని. మొదటి మ్యాచ్ రామ్స్ మీద గెలిచింది. 2017 సీజన్‌లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ సంగతి మీ అందరికీ తెలుసు, స్టార్టర్ వెంట్జ్ మోకాలు పోయాక బ్యాకప్ నిక్ ఫోల్స్ సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిపించాడు, పేట్రియట్స్ మీద 41-33. మధ్యలో అతను తడబడ్డ వారాలు మాత్రం ఎవరికీ గుర్తుండవు, ఆఖరి వారం ఈగిల్స్ మన డాలస్ చేతిలో 6-0తో ఓడింది కూడా. ప్లేఆఫ్స్‌లో నంబర్ వన్ సీడ్ (మొదటి ర్యాంకు) కాబట్టి ఒక వారం ఖాళీ దొరికింది, కోచ్‌లు ఫోల్స్‌కి నప్పే ప్లేలు పెట్టారు. అప్పుడు కుదిరింది.

అపోహ: బ్యాకప్ వచ్చి గెలిపించాడు, కాబట్టి అతనే మెరుగు.

2022లో డాక్ చేతి బొటనవేలు విరిగినప్పుడు బ్యాకప్ కూపర్ రష్ వరసగా నాలుగు గెలిచాడు. మా ఆఫీసులో సగంమంది డాక్‌ని అమ్మేయమన్నారు. ఆ నాలుగు మ్యాచ్‌లలో అవతలివాళ్లు చేసిన పాయింట్లు 17, 16, 10, 10. గెలిపించింది డిఫెన్స్. రష్ తన పని తాను పొరపాటు లేకుండా చేశాడు, ఆ గౌరవం ఆయనకి ఇవ్వాల్సిందే. ఐదో మ్యాచ్ ఫిలడెల్ఫియాలో మూడు ఇంటర్సెప్షన్లు, ఓటమి, తర్వాతి వారం డాక్ తిరిగొచ్చాడు. గెలుపు ఓటముల లెక్కని క్వార్టర్‌బ్యాక్ పేరు పక్కన రాయడమే ఈ గొడవకి సగం కారణం.

అపోహ: ప్రీసీజన్‌లో ఇరగదీశాడు కదా.

ఎవరి మీద? చాలావరకు అవతలి రెండో, మూడో టీమ్ మీద, డిఫెన్స్ తన అసలు ప్లేలు దాచుకుని ఆడుతున్నప్పుడు. అంతే, ఇంకేం చెప్పను.

అపోహ: రూకీని మొదటి రోజే దింపాలి. లేదా, అసలు దింపకూడదు.

రెండూ అపోహలే. ఆరన్ రాడ్జర్స్ మూడేళ్లు ఆగాడు, జోర్డన్ లవ్ కూడా అంతే. మహోమ్స్ ఒక్క సంవత్సరం. పేటన్ మ్యానింగ్ 1998లో మొదటి మ్యాచ్ నుంచీ ఆడి 28 ఇంటర్సెప్షన్లు వేశాడు, టీమ్ 3-13, అయినా ఏమీ చెడిపోలేదు. ముందు లైన్ ఎలా ఉంది, కోచ్ ఎవరు, ఆ అబ్బాయి ఎంత దెబ్బ తట్టుకుంటాడు అనేవే చూడాలి.

అపోహ: ఒకసారి బెంచ్ మీద కూర్చోబెడితే ఇక అతని పని అయిపోయినట్టే.

ఇది అభిమానుల కంటే ఎక్కువ తల్లిదండ్రుల్ని తింటుంది, అందుకే కోపంతో కాకుండా నెమ్మదిగా చెప్పాలనుకుంటున్నాను. శామ్ డార్నల్డ్‌ని 2018లో మూడో పిక్‌గా జెట్స్ తీసుకుంది, మూడేళ్లకి వదిలేసింది. టీమ్‌లు మారాడు, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఏడాది బ్యాకప్‌గా కూర్చున్నాడు. 2024లో మిన్నెసోటాలో 14-3. చేయి అదే, మనిషీ అతనే. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అలెక్స్ స్మిత్ కంకషన్‌తో (తలకి దెబ్బ) స్థానం పోగొట్టుకున్నాడు, కాపర్నిక్ ఆ టీమ్‌ని సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు. స్మిత్ కాన్సస్ సిటీ వెళ్లి అక్కడ ఐదేళ్లు స్టార్టర్‌గా ఆడాడు.

ఈ ఏడాది సెప్టెంబర్‌లో మనవాళ్లబ్బాయి ఒకడు, తొమ్మిదో క్లాస్, ఫ్రెష్‌మన్ టీమ్‌లో క్వార్టర్‌బ్యాక్, రెండు మ్యాచ్‌ల తర్వాత మార్చేశారు. వాళ్ల నాన్న రాత్రి పదకొండుకి ఫోన్ చేశాడు. "అన్నా, మావాడు అన్నం తినడం లేదు. కోచ్‌తో మాట్లాడమంటావా? స్కూల్ మార్చెయ్యమంటావా?" అని. గొంతు వణుకుతోంది. వరంగల్ నుంచి వచ్చి పదిహేనేళ్లు, తనకి రాని ఆట కొడుక్కి వచ్చిందని ఎంత మురిసిపోయాడో నాకు తెలుసు. ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను. ఫిల్మ్ పెట్టాను. తండ్రికి కాదు, కొడుక్కి. తండ్రిని పక్కన కూర్చోమన్నాను. రెండు మ్యాచ్‌లు, మొదటి ప్లే నుంచి. ఆ అబ్బాయి ఇరవై నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత తనే అన్నాడు, "అంకుల్, ఇక్కడ ఆపండి. సేఫ్టీ కిందికి దిగుతున్నాడు, నేను చూడలేదు." (సేఫ్టీ అంటే డిఫెన్స్‌లో అందరికంటే వెనక నిలబడేవాడు.) ఇంకో పది ప్లేల తర్వాత మళ్లీ అదే. లైన్ కూలినవి ఉన్నాయి, రిసీవర్ వదిలేసినవి ఉన్నాయి, వాటి గురించి నోరెత్తలేదు. సేఫ్టీని చూడని మూడు ప్లేలు మాత్రం ఒక కాగితం మీద రాసుకున్నాడు. వాళ్లమ్మ పంపిన పులిహోర డబ్బా తెరిచి తింటూ రాసుకున్నాడు.

ఇప్పుడు ఆ అబ్బాయి స్కౌట్ టీమ్‌లో ప్రతి వారం అవతలి క్వార్టర్‌బ్యాక్ వేషం వేస్తున్నాడు. పోయిన గురువారం ప్రాక్టీస్‌కి ఏదో కేబుల్ ఇవ్వడానికి వెళ్లాను. స్నాప్‌కి ముందు తల ఎత్తి సేఫ్టీ ఎక్కడున్నాడో చూశాడు, అటు చూస్తూ ఇటు విసిరాడు, మన డిఫెన్స్ మొత్తం తప్పు వైపుకి వెళ్లింది. డిఫెన్స్ కోచ్ ఈల ఊది, "మళ్లీ ఆ ప్లేనే పెట్టండి" అన్నారు. ఫెన్స్ అవతల వాళ్ల నాన్న కారులోనే కూర్చుని, అద్దం దించి చూస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. దిగి రమ్మంటే, "వద్దన్నా, నేనున్నానని తెలిస్తే వాడికి టెన్షన్" అన్నాడు.