నాన్నా పులి కథ విన్న పిల్లాడికి ఏం అర్థమైంది?

రెండో తరగతికి పాఠాలు చెప్పే ఒక టీచర్ ఈమధ్య ఒక ప్రశ్న అడిగారు. "రోజూ ప్రార్థన అయ్యాక ఒక నీతికథ చెబుతానండీ. పిల్లలు కళ్ళప్పగించి వింటారు. నీతి ఏమిటంటే అందరూ ఒక్క గొంతుతో చెప్పేస్తారు. ఇంటర్వెల్ అయ్యేసరికి ఎవరిదో రబ్బరు పోతుంది. ఎవరు తీశారంటే ఒక్కరూ నోరు విప్పరు. మరి ఆ కథ ఎటు పోయినట్టు?"

ఈ ప్రశ్న వినగానే నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. ఎందుకంటే దీన్ని శాస్త్రవేత్తలు నిజంగానే పరీక్షించి చూశారు. వాళ్ళు వాడిన కథల్లో మనం నాన్నా పులి అని చెప్పుకునే కథ కూడా ఉంది. వాళ్ళ కథలో పులి బదులు తోడేలు ఉంటుంది, అంతే తేడా.

ముందు ఒక ఆట గురించి చెప్పాలి. టొరంటో విశ్వవిద్యాలయంలో కాంగ్ లీ, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో విక్టోరియా తల్వార్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి వాడుతున్న ఆట ఇది. పిల్లాణ్ణి గోడవైపు తిప్పి కూర్చోబెడతారు. వెనక బల్ల మీద ఒక బొమ్మ పెట్టి శబ్దం వినిపిస్తారు. ఆ శబ్దాన్ని బట్టి అదేం బొమ్మో చెప్పాలి. కుక్కపిల్ల అయితే భౌ భౌమంటుంది కాబట్టి పిల్లాడు టక్కున చెప్పేస్తాడు. చివరిసారి మాత్రం శబ్దానికీ బొమ్మకీ ఏ సంబంధమూ ఉండదు. బంతి పెట్టి ఏదో సంగీతం వినిపిస్తారు. పిల్లాడు బుర్ర గోక్కుంటున్న ఆ సమయంలోనే పెద్దవాళ్ళు "ఒక్క నిమిషం, పుస్తకం తెచ్చుకుంటాను. నేను వచ్చేదాకా వెనక్కి తిరగకు" అని చెప్పి బయటికి వెళ్ళిపోతారు. ఇక గదిలో మిగిలేది పిల్లాడు, బొమ్మ, కనపడకుండా పెట్టిన కెమెరా.

చాలామంది తిరిగి చూసేస్తారు. చూడకుండా ఉండటం ఆ వయసులో ఎంత కష్టమో పిల్లలున్న ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. అసలు పరీక్ష ఆ తర్వాత మొదలవుతుంది. పెద్దవాళ్ళు తిరిగొచ్చి అడుగుతారు: "వెనక్కి చూశావా?" ఏం జరిగిందో కెమెరాకు తెలుసు. పిల్లాడు ఏం చెబుతాడో చూడాలి.

2014లో వచ్చిన ఒక పరిశోధనలో ఈ రెంటికీ మధ్య, అంటే తొంగి చూడటానికీ ప్రశ్న అడగటానికీ మధ్య, ఒక కథ చదివి వినిపించారు. 3 నుంచి 7 ఏళ్ళ పిల్లలు 268 మంది పాల్గొన్నారు. కొందరికి నాన్నా పులి కథ చెప్పారు. కొందరికి అబద్ధమాడితే ముక్కు పొడుగయ్యే పినోకియో కథ చెప్పారు. కొందరికి జార్జ్ వాషింగ్టన్ చిన్నప్పుడు నాన్న పెంచుకున్న చెర్రీ చెట్టును గొడ్డలితో నరికి, అడిగితే నిజం ఒప్పుకున్న కథ చెప్పారు. నాన్న కోప్పడకపోగా, వెయ్యి చెట్లకంటే నీ నిజం విలువైందని మెచ్చుకుంటాడు. పోల్చి చూడటానికి మిగిలినవాళ్ళకు నిజం, అబద్ధాలతో పనిలేని కుందేలు తాబేలు కథ చెప్పారు.

నాన్నా పులి విన్నవాళ్ళు కుందేలు తాబేలు విన్నవాళ్ళలాగే అబద్ధం చెప్పారు. పినోకియో విన్నవాళ్ళూ అంతే. వాషింగ్టన్ కథ విన్నవాళ్ళలో మాత్రం నిజం చెప్పినవాళ్ళ సంఖ్య పెరిగింది. ఆ పరిశోధకులు ఇక్కడితో ఆగలేదు, అందుకే నాకు వాళ్ళంటే గౌరవం. వాషింగ్టన్ కథ ముగింపు మార్చి, అబద్ధం చెప్పి చిక్కుల్లో పడ్డట్టు తిరగరాసి మళ్ళీ ప్రయోగం చేశారు. పాత్రలు అవే, చెట్టు అదే, గొడ్డలి అదే. కథ మహిమ మాత్రం పోయింది.

ఎందుకో తెలుసుకోవాలంటే ఆ కుర్చీలో ఉన్న పిల్లాడి బుర్రలోకి వెళ్ళాలి. "వెనక్కి చూశావా?" అని అడిగిన క్షణంలో వాడికి కావలసిన సమాచారం ఒక్కటే: నిజం చెబితే ఇప్పుడు నాకేమవుతుంది? నాన్నా పులి కథలో దీనికి జవాబు లేదు. అబద్ధం చెబితే ఘోరం జరుగుతుందని మాత్రమే అందులో ఉంది. తప్పు చేసిన పిల్లాడికి ఘోరం జరుగుతుందన్న భయం ముందే ఉంది. ఆ భయం వల్లే కదా అబద్ధం పుట్టేది! దానికి మనం ఇంకో భయం జోడిస్తున్నాం. వాషింగ్టన్ కథ అటువైపు తలుపు తెరిచి చూపిస్తుంది. నిజం చెప్పాడు, ఏమీ కాలేదు, పైగా నాన్న దగ్గరకు తీసుకున్నాడు.

ఈ కొలత పట్టుకుని మన కథలను చూడండి. బంగారు గొడ్డలి నాది కాదన్న కట్టెలవాడికి మూడు గొడ్డళ్ళూ దక్కాయి. మాట తప్పకుండా తిరిగొచ్చిన ఆవును పులి వదిలేసింది. ఇవి నిజం చెప్పాక ఏమవుతుందో చూపించే కథలు. హరిశ్చంద్రుడి కథ గొప్పదే, కానీ ఆరేళ్ళ పిల్లాడికి అందులో ముందుగా కనపడేది రాజ్యం పోయి, భార్యాబిడ్డలు దూరమై, కాటి కాపరి అయిన మనిషి. దాన్ని కాస్త పెద్దయ్యాక చెబితే మేలని నా అభిప్రాయం.

ఇళ్ళలో వినపడే మాటలు ఇంకా బాధ కలిగిస్తాయి. అబద్ధమాడితే కళ్ళు పోతాయంటారు. అబద్ధమాడితే ఆడపిల్లలు పుడతారని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. క్లాసులో సగం మంది ఆడపిల్లలుండగా ఆ మాట అనడం ఎంత ఘోరం! ఒక్క ఒట్టు విషయంలో మాత్రం మన అలవాటుకు కొంత ఆధారం ఉంది. నిజం చెబుతానని పిల్లల చేత ముందుగా మాట తీసుకుంటే నిజం చెప్పేవాళ్ళు పెరుగుతారని ఇదే తొంగిచూసే ఆటలో 2002లో తేలింది. దేవుడి పేరు, తల్లి పేరు ఏమీ అక్కర్లేదు. మాట ఇస్తే చాలు.

ఇప్పుడు కాస్త లోతుకు వెళ్దాం. అబద్ధం చెప్పడం మెదడుకు చిన్న పని కాదు. నాకు తెలిసింది ఎదుటివారికి తెలియదని గ్రహించాలి. దీన్నే థియరీ ఆఫ్ మైండ్ అంటారు. నోటిదాకా వచ్చిన నిజాన్ని ఆపాలి. చెప్పిన అబద్ధాన్ని గుర్తుపెట్టుకుని తర్వాతి జవాబును దానికి అతికేలా చెప్పాలి. మూడేళ్ళ వాళ్ళు ఈ మూడో మెట్టు దగ్గరే దొరికిపోతారు. "చూడలేదు" అంటారు. "మరి అదేం బొమ్మ అనుకుంటున్నావు?" అంటే "బంతి!" అనేస్తారు. పరిశోధకులు దీన్ని సెమాంటిక్ లీకేజ్ అంటారు, అంటే దాచిన సమాచారం మాటల్లోంచి కారిపోవడం. వయసు పెరిగేకొద్దీ ఆ చిల్లు పూడుతుంది.

ఆ చిల్లు మరీ తొందరగా పూడిపోయేది ఎక్కడో తెలుసా? తల్వార్, లీ 2011లో పశ్చిమ ఆఫ్రికాలోని రెండు బడుల గురించి రాశారు. రెండు బడుల్లోనూ 3, 4 ఏళ్ళ పిల్లలే. ఒక బడిలో పెన్సిల్ మర్చిపోయినా అందరి ముందూ కర్రతో కొట్టడం, గిల్లడం మామూలు. రెండో బడిలో మందలించడం, కాసేపు పక్కన కూర్చోబెట్టడం వరకే. రెండుచోట్లా అదే ఆట ఆడించారు. కొట్టని బడిలో తొంగి చూసినవాళ్ళలో సుమారు సగం మంది అబద్ధం చెప్పారు. కొట్టే బడిలో దాదాపు అందరూ చెప్పారు. అంతకంటే నన్ను కలవరపెట్టింది ఇంకొకటి ఉంది. కొట్టే బడి పిల్లలు బొమ్మ పేరు కూడా కావాలనే తప్పు చెప్పి అబద్ధాన్ని నిలబెట్టుకోగలిగారు. మూడేళ్ళకే ఆ నేర్పు వచ్చేసింది! పిల్లల్ని లాటరీ వేసి బడులకు పంచలేదు కాబట్టి తేడా అంతా బెత్తానిదే అని తేల్చి చెప్పలేం. అయినా దండం దశగుణం భవేత్ అనేవాళ్ళు ఒకసారి ఆలోచించాలి. ఆ పది గుణాల్లో నిజాయితీ ఉన్నట్టు కనపడదు.

మన విద్యాహక్కు చట్టం, 2009లో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. గోడకుర్చీలు, తొడపాశాలు చాలాచోట్ల తగ్గాయి. కానీ రబ్బరు పోయినప్పుడు "ఎవర్రా ఆ దొంగ? మీ నాన్నను పిలిపిస్తా" అనే గొంతు తగ్గలేదు. పిల్లాడి లెక్కలో బెత్తానికీ ఆ గొంతుకూ పెద్ద తేడా ఉండదు. 4 నుంచి 8 ఏళ్ళ పిల్లలు 372 మందితో తల్వార్ బృందం మళ్ళీ ఇదే ఆట ఆడించింది. చూసినట్టు తెలిస్తే శిక్ష పడుతుందని చెప్పినప్పుడు నిజం చెప్పేవాళ్ళు తగ్గిపోయారు.

అందుకే టీచర్ గారూ, రేపు ప్రార్థన అయ్యాక ఒక కథ చెప్పి చూడండి. చెర్రీ చెట్టు కథ వద్దు. అది వాషింగ్టన్ పోయాక మేసన్ వీమ్స్ అనే ఆయన రాసిన జీవితచరిత్రలో 1806 ముద్రణలో చేరింది, జరిగిందనడానికి ఆధారం లేదు. మనకు జరిగిన కథే ఉంది. మోహన్‌దాస్ గాంధీకి పదిహేనేళ్ళప్పుడు అన్న చేతి కడియంలోంచి కొంచెం బంగారం దొంగిలించాడు. మనసు కుదుటపడక, తప్పంతా ఒక కాగితం మీద రాసి, శిక్ష వేయమని అడిగి, మంచాన పడి ఉన్న తండ్రి చేతిలో పెట్టాడు. తండ్రి లేచి కూర్చుని చదివాడు. కన్నీళ్ళకు కాగితం తడిసింది. కాసేపు కళ్ళు మూసుకుని, ఆ కాగితం చింపేసి, మళ్ళీ పడుకున్నాడు. ఒక్క మాట అనలేదు.

ఆ కథ చెప్పిన రోజు కూడా రబ్బరు పోవచ్చు. అప్పుడు దొంగ అన్న మాట తీసుకురాకండి. "ఎవరి దగ్గరుందో వచ్చి నాకు చెప్పండి, నేను కోప్పడను, చెబితే నాకు చాలా సంతోషం" అనండి. తర్వాత ఎవరైనా లేచి మీ బల్ల దగ్గరికి వచ్చి చెబితే, అన్నమాట ప్రకారం నిజంగానే కోప్పడకండి. మిగతా ముప్పై మందీ చూస్తూ ఉంటారు.