కాళ్లలో బలం లేకపోతే గుర్రం ఎక్కలేరా? అపోహలు - వాస్తవాలు

అపోహ: కాళ్లు పనిచేయనివాళ్లకు స్వారీ కుదరదు.

డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్‌కు 1944లో పోలియో సోకి మోకాళ్ల కింద పట్టు పోయింది. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ మరొకరి సాయం కావాలి. ఆవిడే 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో డ్రెసాజ్‌లో (సైగలతో గుర్రం చేత లయగా అడుగులు వేయించే పోటీ) వెండి పతకం గెలిచింది, 1956లో ఇంకొకటి. మామూలు ఒలింపిక్స్‌లోనే సుమా! కాళ్లతో ఇచ్చే సైగ ఇవ్వలేనివాళ్లు చిన్న కర్రతో, నడుము కదలికతో చెప్పడం నేర్చుకుంటారు.

అపోహ: జీనుకు బెల్టుతో కట్టేస్తే పడిపోరు.

వైకల్యం ఉన్న పిల్లలకు స్వారీ నేర్పే మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ముందు అడిగేది ఇదే. "కొంచెం కట్టండి సార్, నాకు టెన్షన్‌గా ఉంది" అని బతిమాలతారు. కట్టం. గుర్రం తూలి పడితే, కట్టేసిన మనిషి దాని కిందే ఉండిపోతాడు. అందుకే కాలు ఇరుక్కోకుండా విడిపోయే రికాబులు (పాదం పెట్టుకునే కొక్కేలు) వాడతాం, పట్టుకోవడానికి జీను ముందు ఒక పట్టీ ఉంటుంది. ఒకరు గుర్రాన్ని నడిపిస్తారు. అవసరాన్ని బట్టి ఇద్దరు పక్కన నడుస్తూ తొడ మీద చెయ్యి ఆనిస్తారు. నడుము పట్టి లాగితే ఉన్న బ్యాలెన్సూ పోతుంది. కుదురుకునే కొద్దీ ఆ చెయ్యి తీసేస్తాం. "నడువు", "ఆగు" అనేది పిల్లలే చెప్పాలి. పగ్గం లాగడానికి వాళ్లకు టైమ్ పడుతుంది, ఆగాలి. సాయం చేసేవాళ్లకు ఆ ఆగడమే చేతకాదు, తొందరపడి వీళ్లే గుర్రాన్ని ఆపేస్తారు. ధైర్యం వచ్చేది మాత్రం గుర్రం తన మాట విన్నప్పుడే.

అపోహ: ముసలి గుర్రమైతే చాలు.

చాలదు. అడుగు సమంగా పడాలి, చక్రాల కుర్చీ చూసి బెదరకూడదు. తొడలు బిగుసుకుపోయే పిల్లలకు వెడల్పు వీపున్న గుర్రం నరకం.

అపోహ: చూపు లేకపోతే దారి తెలియదు.

మైదానం చుట్టూ అక్షరాల గుర్తులుంటాయి. ఒక్కో గుర్తు దగ్గర ఒకరు నిలబడి ఆ అక్షరం పిలుస్తుంటే, స్వారీ చేసేవాళ్లు ఆ గొంతును బట్టి వెళ్తారు.

అపోహ: స్వారీతో జబ్బు నయమవుతుంది.

నయం కాదు. గుర్రం నడిస్తే మన నడుము దాదాపు మనం నడిచినట్టే కదులుతుంది, బ్యాలెన్స్‌కు అది మంచి సాధన. అంతే. డౌన్ సిండ్రోమ్ ఉంటే మెడ ఎముకల కీలు వదులుగా ఉండొచ్చు, డాక్టర్ చూడాలి. అదుపులో లేని ఫిట్స్, పెళుసు ఎముకలు, తుంటి కీలు జారడం ఉంటే డాక్టర్ సరే అనకుండా ఎక్కించం. వచ్చేటప్పుడు డాక్టర్ సరే అని రాసిచ్చిన ఉత్తరం తెండి, పొడవు ప్యాంటు వేయండి. సైకిల్ హెల్మెట్ మాత్రం పనికిరాదు, స్వారీ హెల్మెట్ మేమే ఇస్తాం.