చివరగా లెక్కపెట్టింది మీరేనా? విదేశాల్లో డబ్బు గురించి అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లుగా మనవాళ్లను బాలి, బ్యాంకాక్, సింగపూర్ తిప్పి తీసుకొస్తున్నాను. పాస్‌పోర్టు పోగొట్టుకున్నవాళ్లకన్నా డబ్బు దగ్గర దెబ్బతిన్నవాళ్లనే ఎక్కువ చూశాను. అందరూ చదువుకున్నవాళ్లే, జాగ్రత్తపరులే. మొహమాటమే వాళ్లను ముంచింది.

అపోహ: కమీషన్ లేదు, రేటు బాగుంది, డబ్బు మార్చేవాడు కళ్లముందే లెక్కపెట్టి ఇస్తాడు. ఇంకేం భయం?

మోసమంతా ఆ లెక్కపెట్టడంలోనే ఉంది. బాలిలో కుటా సందుల్లో, బట్టల కొట్టు వెనక చిన్న కౌంటర్. మా గ్రూపులోని గుంటూరు మాస్టారు 200 డాలర్లు మార్చారు. 32 లక్షల ఇండోనేషియా రూపియాలు రావాలి. లక్ష రూపియాల నోట్లు ఉన్నా, కౌంటరులో అతను అన్నీ 50 వేల నోట్లే తీసి ఇరవయ్యేసి చొప్పున పేర్చాడు. మాస్టారు లెక్కపెడితే ఒక నోటు తగ్గింది. అతను 'సారీ' అంటూ కట్ట వెనక్కి తీసుకుని, మళ్లీ లెక్కపెట్టి, ఆ నోటు పైన పెట్టి ఇచ్చాడు.

"మాస్టారూ, ఇంకోసారి చూసుకోండి" అన్నాను.

"ఇప్పుడే చూశాను కదమ్మా. మళ్లీ లెక్కపెడితే అతనేమనుకుంటాడు?"

వ్యానెక్కాక చూస్తే 12 నోట్లు లేవు. మన డబ్బుల్లో మూడు వేలకు పైనే. కట్ట సర్దుతున్నట్టు బల్లకేసి తడుతూ అడుగు నోట్లు అవతలికి జార్చేస్తారు. ముందు తగ్గించిన ఆ ఒక్క నోటు, కట్ట మళ్లీ వాళ్ల చేతికి వెళ్లడానికే. ఆ రోజు నేను గట్టిగా పట్టుబట్టలేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

కట్టను అతను మళ్లీ ముట్టుకుంటే మీరు మొదటినుంచీ లెక్కపెట్టాలి. బ్యాంక్ ఇండోనేషియా (ఆ దేశపు కేంద్ర బ్యాంకు) లైసెన్సు ఉన్న దుకాణాల్లో 'బెరిజిన్' అని రాసిన ఆకుపచ్చ గుర్తు ఉంటుంది. అక్కడే మార్చుకోండి.

అపోహ: ఏటీఎం రూపాయల్లో చూపిస్తే అదే ఒప్పుకోవడం మేలు.

అలా రూపాయల్లోకి మార్చి చూపే రేటులో ఐదారు శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కలిపేస్తారు. 'డిక్లైన్ కన్వర్షన్' (రూపాయల్లోకి మార్చొద్దు) నొక్కితే డబ్బు రాదేమోనని చాలామందికి టెన్షన్. వస్తుంది, మీ బ్యాంకు రేటుకే వస్తుంది. దుకాణంలో కార్డు గీసినా స్థానిక కరెన్సీయే అడగండి. థాయ్‌లాండ్‌లో విదేశీ కార్డుకు తీసిన ప్రతిసారీ 220 బాట్లో, అంతకన్నా ఎక్కువో ఫీజు పడుతుంది కాబట్టి, వెయ్యీ రెండు వేలూ కాకుండా ఒకేసారి తీయండి.

అపోహ: ఓటీపీ చెప్పకపోతే డబ్బు పోదు.

ఇది మన దేశపు అలవాటు. విదేశీ వెబ్‌సైట్లు చాలావాటికి కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ చాలు. కార్డు వెయిటర్ చేతికిచ్చి పంపకండి, మెషినే మీ టేబుల్ దగ్గరకు తెమ్మనండి. బయల్దేరేముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకానికి పరిమితి పెట్టుకోండి, తిరిగొచ్చాక ఆపేయండి.

అపోహ: క్యాన్సిల్ రెండుసార్లు నొక్కితే పిన్ దొంగలకు దొరకదు.

వాట్సాప్ కబురు. రెండో చేత్తో కీప్యాడ్ కప్పుకోండి, అది పనిచేస్తుంది. కార్డు ఇరుక్కున్నప్పుడు 'పిన్ మళ్లీ కొట్టి చూడండి' అంటూ ఎవరైనా సాయానికొస్తే, మొహమాటపడకుండా దూరంగా ఉండమనండి. మెషిన్ ముందు నుంచి కదలకుండానే యాప్‌లో కార్డు బ్లాక్ చేయండి.