ఒకే తాళం, రెండు రకాల చుక్కలు

వానలు వెనకబట్టిన అక్టోబరులో, చీకటి పడగానే నడినెత్తికి దగ్గరగా శ్రవణా నక్షత్రం కనిపిస్తుంది. అటూ ఇటూ చెరో చుక్కతో వరుసగా మూడు. అక్కడి నుంచి సూటిగా దక్షిణానికి, చేయి చాచి పట్టిన పిడికిలి కంటే కాస్త తక్కువ దూరంలో ఈటా ఆక్విలే అనే చుక్క ఉంటుంది. ఒకప్పుడు నిజామియా అబ్జర్వేటరీ ఆకాశాన్ని ఫొటోలు తీసిన బేగంపేట నుంచి ఇప్పుడు దాన్ని చూడటం కష్టం. హైదరాబాద్ దాటి చీకటి దొరికే చోటికి వెళ్లాలి. ఈటా ఆక్విలేను ఆ మూడు చుక్కల్లో బాగా మసకదానితో రోజూ పోల్చి చూడండి. ఒక రాత్రి ఈటా ఆక్విలేయే కాస్త మెరుపుగా ఉంటుంది, కొన్ని రోజులకు బాగా మసకబారుతుంది. 7.18 రోజులకు ఒక చుట్టు. 1784లో ఖగోళ పరిశీలకుడు ఎడ్వర్డ్ పిగాట్ గమనించింది ఇదే.

ఈ చుక్క నిజంగానే ఉబ్బి, కుంచించుకుంటుంది. లోపలి హీలియం పొర నొక్కుకున్నప్పుడు వెలుగును దాటనివ్వదు. వేడి పేరుకుని పొర పైకి లేస్తుంది, లేచి పలచబడ్డాక వేడిని వదిలేసి మళ్లీ దిగుతుంది. అన్నం ఉడికే గిన్నె మీద మూత ఎగిరిపడినట్టు.

ఇలా ఉబ్బి కుంచించుకునే ఈటా ఆక్విలే లాంటి చుక్కలను సెఫీడ్లు అంటారు. 1912లో ఖగోళ శాస్త్రవేత్త హెన్రియెటా లీవిట్ చిన్న మాగెల్లాన్ మేఘం అనే పొరుగు గెలాక్సీలోని 25 సెఫీడ్లను వరుసపెట్టి చూపింది: చుట్టు ఎంత నిదానమైతే చుక్క అంత కాంతివంతం. అంటే తాళం, ఒక చుట్టుకు పట్టే కాలం, లెక్కపెడితే అసలు వెలుగు తెలుస్తుంది, దాన్ని కనిపించే వెలుగుతో పోలిస్తే దూరం వస్తుంది. 1923లో ఆండ్రోమెడా గెలాక్సీలో దొరికిన ఒక సెఫీడ్‌తో ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ దాని దూరానికి వేసిన లెక్క సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలు. అసలు దూరం 25 లక్షలు.

ఇంత తేడాకు పెద్ద కారణం సెఫీడ్ల రకం పోల్చుకోలేకపోవడం. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ఆండ్రోమెడా అంత దగ్గరైతే, అమెరికాలోని పాలోమార్‌లో ఉన్న 200 అంగుళాల టెలిస్కోపుకు అక్కడి ఆర్‌ఆర్ లైరా చుక్కలు (వెలుగు మారే మరో రకం చుక్కలు) కనిపించి తీరాలి. ఖగోళ శాస్త్రవేత్త వాల్టర్ బాడే వెతికాడు, కనిపించలేదు. అంటే ఆండ్రోమెడా ఇంకా దూరంలో ఉందన్నమాట. సెఫీడ్లలో రెండు జాతులున్నాయని 1952లో ఆయన ప్రకటించాడు. వయసులో చిన్నవి, బరువైనవి ఒక జాతి. ముసలివి, తేలికవి రెండోది. రెండింటికీ ఒకే తాళం ఉన్నా, రెండో జాతి వెలుగు సుమారు నాలుగో వంతే. ఆండ్రోమెడాలోని మొదటి జాతి చుక్కను రెండో జాతి వెలుగు లెక్కతో కొలిచారు. వెలుగులో నాలుగు రెట్లు పొరబడితే దూరంలో రెండు రెట్లు పొరబడినట్టే. ఆ ఒక్క సవరణతో విశ్వంలోని దూరాలు రెట్టింపయ్యాయి.

జాతిని పట్టిచ్చే గుర్తుల్లో వెలుగు గీత, అంటే వెలుగు ఎలా మారిందో చూపే గీత, ఆకారం ఒకటి. మొదటి జాతికి చెందిన ఈటా ఆక్విలే గబగబా ఎక్కి, నిదానంగా దిగుతూ, మధ్యలో చిన్న మెట్టు మీద ఆగినట్టు కనిపిస్తుంది. పది రాత్రుల కొలతల్లో ఆ మెట్టు దొరక్కపోవచ్చు. రెండు మూడు నెలల కొలతలను 7.18 రోజుల ఒకే చుట్టు మీదికి మడిచి గీయండి.