‘పాత ఫామ్‌లోకి వచ్చేశారు’: రాక్ బ్యాండ్ల సౌండ్‌పై అపోహలు – వాస్తవాలు

విశాఖలో రికార్డింగ్, లైవ్ సౌండ్ పనులు చేస్తుంటాను. పేరున్న బ్యాండు కొత్త ఆల్బమ్ దించిందంటే చాలు, కుర్రాళ్ల వాదనలన్నీ నా మిక్సర్ దగ్గరే తేలాలి.

అపోహ: పాత కసి తిరిగొస్తేనే పాత సౌండ్ తిరిగొస్తుంది.

వాస్తవం: ఎవరి కసి ఎంతో మనకెలా తెలుస్తుంది? చెవికి తెలిసేవి వేరే ఉన్నాయి. అమెరికా మెటల్ బ్యాండు మెటాలికానే తీసుకోండి. 2003లో వచ్చిన ‘సెయింట్ యాంగర్’ ఆల్బమ్‌లో గిటార్ సోలోలు లేవు. గిటార్ల శ్రుతి బాగా దించేశారు. స్నేర్ డ్రమ్ము అడుగున ఉండే తీగలు తగలకుండా వదిలేసి కొట్టడంతో అది రేకుడబ్బాలా మోగింది. 2008లో ‘డెత్ మాగ్నెటిక్’కి వచ్చేసరికి బాబ్ రాక్ బదులు రిక్ రూబిన్ ప్రొడ్యూసర్ అయ్యాడు. శ్రుతి మళ్లీ పైకెళ్లింది, సోలోలు వచ్చాయి. అభిమానులు పండగ చేసుకున్నారు. ఇవన్నీ స్టూడియోలో కూర్చుని తీసుకున్న నిర్ణయాలే గురూ, పూనకాలు కావు.

అపోహ: ఎంత లౌడ్‌గా ఉంటే అంత పవర్.

వాస్తవం: ఆ ‘డెత్ మాగ్నెటిక్’ సీడీయే దీనికి జవాబు. లిమిటర్‌తో (శబ్దం ఓ హద్దు దాటకుండా నొక్కిపెట్టే సాధనం) మరీ నొక్కేయడంతో డ్రమ్ దెబ్బల తలలు తెగి, శబ్దం చిట్లింది. అవే పాటలు ‘గిటార్ హీరో’ వీడియో గేమ్‌లో అంత నొక్కకుండా వచ్చాయి. చాలామంది అభిమానులకు అవే నచ్చాయి. ఇక్కడి కాలేజీ ఫెస్టు బ్యాండ్లు డెమో పట్టుకొచ్చి “ఇంకొంచెం లౌడ్ చెయ్యన్నా” అంటాయి. చేసి ఏం లాభం? స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటలన్నిటినీ సుమారు మైనస్ 14 లఫ్స్ (చెవికి తెలిసే లౌడ్‌నెస్ కొలత) దగ్గరికి తెస్తుంది. మీరు పెంచింది అక్కడ తగ్గిపోతుంది, చిట్లిన శబ్దం మాత్రం మిగులుతుంది.

అపోహ: దారి మారిస్తే శ్రోతలు పోతారు.

వాస్తవం: ఇంగ్లండ్ బ్యాండు రేడియోహెడ్ 1997లో గిటార్ల ‘ఓకే కంప్యూటర్’ ఇచ్చి, 2000లో సింథ్‌ల (ఎలక్ట్రానిక్ వాద్యాల) ‘కిడ్ ఎ’ ఇచ్చింది. అమెరికా ఆల్బమ్‌ల చార్టులో అది నేరుగా మొదటి స్థానంలో దిగింది.

అపోహ: గాయకుడు పోతే బ్యాండు పోయినట్టే.

వాస్తవం: 1980 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా బ్యాండు ఏసీ/డీసీ గాయకుడు బాన్ స్కాట్ చనిపోయాడు. ఆ జులైలోనే బ్రయాన్ జాన్సన్ గొంతుతో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ వచ్చింది. గొంతు మారింది గానీ గిటార్లు వాయించే యంగ్ సోదరులూ, ప్రొడ్యూసర్ మట్ లాంగ్ కూడా పాతవాళ్లే. పాత ఏసీ/డీసీలా వినిపించడంలో వింతేముంది?

అపోహ: వాళ్ల ఆంప్ (గిటార్ శబ్దం పెంచే పెట్టె), వాళ్ల పెడల్ (కాలితో నొక్కి శబ్దం తీరు మార్చేది) కొంటే వాళ్ల సౌండే.

వాస్తవం: అప్పు చేసి మరీ కొనేవాళ్లున్నారు. సగం సౌండ్ చేతిలోనే ఉంటుంది, కుడిచేయి తీగను కొట్టే తీరులో. పైగా మనది ఉప్పుగాలి ఊరు. బీచ్ రోడ్డు వైపు ఇళ్లల్లో స్టీలు తీగలు తొందరగా తుప్పు పట్టి మొద్దుగా మోగుతాయి. పెడల్ సంగతి తర్వాత. ముందు తీగలు మార్చి, వాయించాక పొడిగుడ్డతో తుడిచి, గిటార్‌ని కేసులో పెట్టండి.