యానాది వాడలో జబ్బు కథలు, బొమ్మలు: అపోహలు - వాస్తవాలు

తిరుపతి దగ్గర ఏర్పేడు, శ్రీకాళహస్తి వైపు యానాది గిరిజనుల కాలనీల్లో క్షయ రోగుల చేత వాళ్ల జబ్బు కథ చెప్పించడం, బొమ్మలు వేయించడం నా పని. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు తరచూ అనే మాటలకు ఇవి నా జవాబులు.

అపోహ: గిరిజనులు జబ్బును దేవత మీదికి నెట్టి మందులు మానేస్తారు.

వాస్తవం: ఒంటి మీద పొక్కులు లేస్తే "అమ్మవారు పోసింది" అని వేపాకు కట్టేది తిరుపతిలో అన్ని కులాలవాళ్లూ. ఆ మాట యానాదులకే అంటగట్టడం అన్యాయం. మొక్కూ మాత్రా ఒకే ఇంట్లో ఉంటాయి. క్షయకు మామూలుగా 6 నెలలు మందు వాడాలి. దగ్గు అంతకు ముందే తగ్గుతుంది, ఒంట్లో సత్తువ వస్తుంది, ఇటుక బట్టీకో రొయ్యల గుంటకో కూలికి పిలుపొస్తుంది. అక్కడ మాత్రలు ఎవరిస్తారు? కేసు షీటులో ఇదంతా "మందులు మానేశారు" అని ముగిసిపోతుంది. అదే మనిషిని "దగ్గు మొదలైన కాడి నుంచి చెప్పక్కా" అని అడిగి ఊరుకుంటే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, బిడ్డ బడి, ఆసుపత్రిలో ఎవరో "దూరం జరుగు" అని కసిరిన మాట, అన్నీ వరుసగా వస్తాయి. మందు ఎక్కడ ఆగిందో ఆ వరుసలోనే తెలుస్తుంది. బట్టీకి దగ్గర్లోని ఆసుపత్రికి మందులు మార్పించే వీలుంది, అడగాలి.

కథ చెబితే జబ్బు నయమవుతుందని నేననను. క్షయ తగ్గేది మాత్రలతోనే.

అపోహ: బొమ్మలు రానివాళ్లతో ఇది కుదరదు.

వాస్తవం: కుదురుతుంది. పెద్ద కాగితం మీద మనిషిని పడుకోబెట్టి చుట్టూ గీత గీస్తాం. నొప్పి ఎక్కడ, భయం ఎక్కడ, ధైర్యం ఎక్కడ అన్నది రంగుతోనో గింజలతోనో వాళ్లే చూపిస్తారు. 2000ల తొలినాళ్లలో దక్షిణాఫ్రికాలో హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలతో ఈ పద్ధతి పేరుకొచ్చింది. నమూనాకని వార్లీ బొమ్మలు మాత్రం చూపించకండి, అవి మహారాష్ట్ర వైపు వార్లీ గిరిజనులవి.

అపోహ: రంగు చూసి మనసు చెప్పేయవచ్చు.

వాస్తవం: నలుపంటే దిగులని రాసేయకండి. బొగ్గు చేతికందితే బొగ్గుతోనే గీస్తారు. ఒకామె తనకంటే బస్టాపును పెద్దగా వేసింది. ఎందుకక్కా అంటే, "ఆడనే గదా నేను ఎక్కువ పొద్దు కూచొనుండేది" అంది.

అపోహ: ఆదివాసీ చిత్రాలు గోడకు అందం కోసం.

వాస్తవం: ఉత్తరాంధ్ర, ఒడిశా కొండల్లోని సవరలు ఇంట్లో జబ్బు చేసినప్పుడు పూర్వీకుల కోసం, దేవతల కోసం గోడ మీద బొమ్మ వేయిస్తారు. వేయగానే సరిపోదు, పూజ చేసి వాళ్లను అందులోకి పిలవాలి. అమెరికాలోని నవాహోలు రోగిని ఇసుక చిత్రం మీద కూర్చోబెట్టి క్రతువు చేస్తారు, ముగిశాక దాన్ని చెరిపేస్తారు.

అపోహ: ఒప్పుకున్నట్టు వేలిముద్ర తీసుకున్నాం, ఇక వాళ్ల బొమ్మ ఫొటో ఎక్కడైనా వాడుకోవచ్చు.

వాస్తవం: వాడిన ప్రతిసారీ మళ్లీ అడగాలి. అసలు కాగితం వాళ్ల దగ్గరే ఉండాలి. వద్దంటే మన వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టకండి. ఇంట్లో క్షయ ఉందని తెలిస్తే ఆడపిల్ల సంబంధం తప్పిపోయే ఊళ్లు ఇవి.